చిలకమ్మ పెట్టని సంతకం

ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చదివి వినిపించమని చిలకమ్మ అడిగింది.

"అందులో ఏముందో నీకు తెలిసిందేగా, ఇంకా చదివేదేంటి?" అన్నాడు గ్యారేజీ యజమాని బుచ్చిబాబు.

తెలిసిన సంగతే అయితే చదవడానికి జంకెందుకని ఆమె నిలబడిన చోటి నుంచి కదలలేదు. చివరికి కారు యజమాని భార్గవ్ కాగితం అందుకుని, తరగతిలో పాఠం చెప్పే గొంతుతో ఒక్కొక్క వాక్యాన్నే తెలుగులోకి మార్చి చదివాడు. రేడియేటరును సక్రమంగా మరమ్మతు చేయనందువల్ల కారు ఇంజను పూర్తిగా చెడిపోయిందనీ, అందుకు చిలకమ్మ అనే తాను మాత్రమే బాధ్యురాలిననీ, ఇందులో మరెవ్వరి తప్పూ లేదనీ ఆమె స్వచ్ఛందంగా ఒప్పుకుంటున్నట్టు అందులో రాసి ఉంది.

"స్వచ్ఛందంగ అంటే?"

"ఎవరూ బలవంతపెట్టకుండా, మీ అంతట మీరే అని."

"మరి మీరిద్దరెందుకొచ్చిన్రు సారూ?"

భార్గవ్ ముఖం ఎర్రబడింది. బుచ్చిబాబు తన జేబులోంచి పెన్ను తీసి నీళ్ళతొట్టి గట్టు మీద పెట్టాడు.

రెండువేల ఆరు మే నెల. పంజాగుట్ట చౌరస్తా వెనుక సందులో పన్నెండడుగుల రేకుల షెడ్డు అది. నడుము లోతు నీళ్ళతొట్టి, దాని పక్కన గాలి పంపు, గోడకు వేలాడే పాత రాగి రేడియేటర్లు. బోర్డు మీద ఉన్న పేరు ఆమె భర్త సాయిలుది. ఇరవై ఏళ్ళు మంట ముందు కూర్చుని అతుకులు వేసిన సాయిలుకు చూపు పోయి ఆరేళ్ళయింది. మనుషులను గొంతును బట్టి, లోహాన్ని వేలికొసలతో తడిమి పోల్చుకుంటాడు. చూపు పోయిన తొలి ఏడాది చిలకమ్మ షెడ్డు మధ్యలో పాత చీర అడ్డంగా కట్టి, దాని వెనుక కూర్చుని పని చేసేది. సాయిలు ముందు కూర్చుని, అది తన చేతి పనే అన్నట్టు గ్యారేజీల వాళ్ళకు అందించేవాడు. ఆడమనిషి వేసిన అతుకంటే ఎవరూ పని ఇవ్వరని అతని భయం. ఒకరోజు ఒక మెకానిక్ వచ్చి, "సాయిలన్నా, చూపు తగ్గినంక నీ చెయ్యి ఇంకా మంచిగైందే!" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే చిలకమ్మ లేచి చీరను ఒక్క గుంజు గుంజి కింద పారేసింది. ఆ వారంలోనే మూడు గ్యారేజీలు పని ఇవ్వడం మానుకున్నాయి. పదకొండు మిగిలాయి.

ఆ పదకొండూ మిగలడానికి కారణం ఒక్కటే. అతికిన రేడియేటరు మూతులు రెండూ బిగించి, గాలి ఎక్కించి, ఆమె తొట్టిలో ముంచుతుంది. ఏ మూల నుంచి ఒక్క బుడగ లేచినా ఆ పని కానట్టే లెక్క. మళ్ళీ మంట, మళ్ళీ తొట్టి. ఊరంతా కొత్త కార్లతో నిండిపోతున్న రోజులవి. పెద్ద సర్వీసు సెంటర్లలో బాగుచేయడమన్న మాటే లేదు, పాతది తీసి కొత్తది వేస్తారు. బాగుచేయించుకునే వాళ్ళు ఇంకా కొందరున్నారు కాబట్టి ఆ పదకొండు గ్యారేజీలు బతుకుతున్నాయి. చిలకమ్మ షెడ్డు నుంచి వచ్చినదానిలో బుడగ ఉండదన్న నమ్మకం మీద ఆమె బతుకుతోంది. బుచ్చిబాబు తెచ్చిన కాగితం మీద సంతకం పడితే ఆ నమ్మకం ఏమవుతుందో ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

భార్గవ్ కాకినాడ నుంచి వచ్చిన వాడు. అమీర్‌పేటలో మూడు బ్యాచులకు డేటాబేసు పాఠాలు చెబుతాడు. తెల్లవారుజామున ఆరు గంటల బ్యాచుకే వంద మంది కూర్చుంటారు. నిలబడి రాసుకునే వాళ్ళు వేరే. అలా మూడేళ్ళు గొంతు అరగదీసుకుని సంపాదించిన సొమ్ముతో అతను ఇల్లు కొనలేదు, స్థలం కొనలేదు. కోయంబత్తూరులో వారాంతపు పందేలకు వాడిన ఒక విదేశీ కారు కొన్నాడు. దానికి ఉన్నవి రెండే సీట్లు. ఏసీ లేదు, రేడియో లేదు, పైకప్పు గుడ్డది. ఇంజను సీట్ల వెనుక ఉంటుంది, రేడియేటరు ముక్కు దగ్గర ఉంటుంది. బరువు రెండు గేదెల బరువుకు మించదు. పందెపు బాట మీద గాలిని చీల్చుకుంటూ పోవడానికి పుట్టిన బండి అది.

కొనేటప్పుడు ధర అడిగాడు గాని, దాన్ని ఉంచుకోవడానికి ఎంతవుతుందో అతను అడగలేదు. మలుపుల్లో పట్టు కోసం మెత్తగా చేసిన టైర్లు ఎనిమిది వేల కిలోమీటర్లకే బోడి అయ్యాయి. బ్రేకు ప్యాడ్లు విదేశం నుంచి వచ్చి కస్టమ్సులో నలభై రోజులు కూర్చున్నాయి. బీమా కంపెనీ ఎదుటివాడికి జరిగే నష్టానికి తప్ప దేనికీ పూచీ పడనంది. స్పీడ్‌బ్రేకర్లకు బండి పొట్ట గీసుకుపోతుంటే అతను రెండు చెక్కపలకలు వెంట పెట్టుకుని, దిగి, వాటిని అటూ ఇటూ వేసి, వాటి మీదుగా ఎక్కించి, మళ్ళీ దిగి తీసుకునేవాడు. ఇవన్నీ భరించాడు. పదిహేను రోజుల కిందట రేడియేటరు అంచున నీరు కారడం మొదలైంది. బుచ్చిబాబు గ్యారేజీలో విప్పి, రేడియేటరు ఒక్కటే చిలకమ్మకు పంపారు. ఆమె అతికి ఇచ్చింది. తిరిగి బిగించాక కారు మూడుసార్లు నడిరోడ్డు మీద ఆవిరి కక్కింది.

"ఇంజన్ చెడిపోయిందని ఎవలు జెప్పిన్రు?" అని అడిగింది చిలకమ్మ.

"నేను చెప్పాను. పాతికేళ్ళుగా ఫారిన్ బండ్లు చూస్తున్నా," అన్నాడు బుచ్చిబాబు.

"ఇప్పి చూసిన్రా?"

"విప్పేదేంటమ్మా? పొగలు కక్కుతుంటే కనపడటంలా?"

"ఇప్పకుంటనే సచ్చిందని రాస్తిరి! డాక్టరు సుత నాడి వట్టినంకనే జెప్తడు గద."

భార్గవ్ మధ్యలో కల్పించుకున్నాడు. "చూడండి చిలకమ్మ గారూ, ఇంజన్ విప్పించి బాగుచేయించాలంటే నాలుగు లక్షలట. నా వల్ల కాదు. బుచ్చిబాబు గారు ఉన్నదున్నట్టుగా రెండు లక్షలకు తీసుకుంటానంటున్నారు. కాకపోతే వాళ్ళ గ్యారేజీ తప్పు లేదని రికార్డు కావాలంటున్నారు. మీరు సంతకం పెడితే ఈ గొడవ ఇక్కడితో పోతుంది. పెట్టకపోతే నేను వినియోగదారుల ఫోరానికి వెళ్ళాల్సొస్తుంది."

"సచ్చిన ఇంజన్ బండిని రెండు లక్షలు వెట్టి ఈ సారు ఎందుకు కొంటుండు?"

ఆ ప్రశ్న భార్గవ్‌కు అంతవరకూ తట్టలేదు. బుచ్చిబాబు వైపు చూశాడు. బుచ్చిబాబు తొట్టిలోని నీళ్ళ వైపు చూశాడు.

గోనెపట్టా మీద కూర్చున్న సాయిలు గొంతు సవరించుకున్నాడు. "పెట్టరాదే చిలకా. గీత గీస్తే అయిపాయె. పెద్దోళ్ళతోని మనకేం పంచాయితీ?"

"గీత గీస్తే నీ బోర్డు మీద గీసినట్టే. రేపు పొద్దుగాల పదకొండు గ్యారేజీలల్ల గీ కాగితం జిరాక్సు తిరుగుతది. ఎల్లుండి సంది మనం తొట్టిల చేపలు పెంచుకోవాలె."

"చేపలు సుత మస్తు గిరాకీ ఉన్నయట తీ," అన్నాడు సాయిలు.

ఆమె నవ్వలేదు. పెన్ను తీసి బుచ్చిబాబు జేబులో తిరిగి పెట్టింది. "ఫోరానికి పోండ్రి సారూ, నాకేం ఫికర్ లేదు. ఆడ సుత ముందుగాల బండి తెచ్చి చూపెట్టుమంటరు. అదేదో ఇప్పుడే చూపెట్టుండ్రి. నేను రేడియేటర్ చూసిన గని బండి చూడలే. చూడని బండిని సంపిన్నని ఎట్ల ఒప్పుకోవాలె?"

షెడ్డు షట్టరు దించి, సాయిలు చేయి తన భుజం మీద వేసుకుని బయలుదేరింది. మధ్యాహ్నపు ఎండలో ముందు ఆ ఇద్దరూ, వెనుక ఈ ఇద్దరూ నడిచారు.

బుచ్చిబాబు గ్యారేజీ అమీర్‌పేట వైపు పోయే దారిలో, ఒక భవనం సెల్లారులో ఉంది. వీధి నుంచి దిగడానికి ఏటవాలు ర్యాంపు. దాని అడుగున, ముక్కు నేలకు ఆనించినంత కిందుగా, పసుపు రంగు కారు నిలబడి ఉంది. చిలకమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ఎక్కడా అలంకారం లేదు. ప్రతి రంధ్రానికీ ఒక పని, ప్రతి పనికీ ఒక రంధ్రం. తన షెడ్డులోని సామాను లాగే ఉందనిపించి, దాని మీద ఆమెకు వెంటనే అభిమానం పుట్టింది.

మొదట ఇంజను నూనె కడ్డీ బయటికి లాగమంది. ఇంజను వేడికి చెడి లోపల నీళ్ళూ నూనే కలిసిపోతే నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. కడ్డీకి అంటుకున్న నూనెను వేలితో తీసి సాయిలు వేళ్ళ మధ్య రాసింది. అతను నలిపి, వాసన చూసి, "నీళ్ళు గలవలే. సాఫ్ ఉంది," అన్నాడు.

"మూడుసార్లు వేడెక్కితే మీరేం జేసిన్రు సారూ?" అని భార్గవ్‌ను అడిగింది.

"ముల్లు పైకి పోగానే ఆపేశాను. మూడుసార్లూ ఆటో వెనకాల కట్టి లాక్కొచ్చాను."

"గందుకే బతికింది. మీరు ఆపిన్రు కాబట్టి బతికింది."

కారును స్టార్టు చేయమంది. అయిదు నిమిషాల తరువాత ముందు భాగపు మూత తెరిపించి, రేడియేటరు మీద అరచేతి వెనుకవైపు ఆనించింది. అడుగు భాగం కాలిపోతోంది. పై భాగం చల్లగా ఉంది. ఇంజను ఆపించింది. పై భాగానికి వేడి నీళ్ళు చేరడం లేదంటే అక్కడ గాలి నిలిచి ఉండాలి.

మంజీర నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో ఉంటోంది ఆమె. నీళ్ళు వదిలిన ఉదయాన కుళాయి మొదట గాలితో దగ్గుతుంది, ఉమ్ముతుంది, అప్పటికిగాని నీళ్ళు రావు. పై అంతస్తులో కుళాయి ఎవరైనా విప్పి ఉంచితే గాలి అటు పోతుంది. అందరూ కట్టేసి ఉంచితే గాలి గొట్టంలోనే తిష్ఠ వేస్తుంది. ఈ బండిలో నీళ్ళు వెనుక ఇంజను నుంచి ముందు ముక్కు దాకా నిలువెడు గొట్టాల్లో ప్రయాణం చేయాలి. నీళ్ళు పోసినప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి ఎక్కడో దారి ఉండాలి. ఉంటే అది రేడియేటరు తల మీదే ఉండాలి.

ఆమె వేలు అక్కడికే వెళ్ళింది. రేడియేటరు పై మూలన, శనగగింజంత ఉబ్బు. నీళ్ళ గొట్టాలకు పూసే సీలు ముద్ద, ఎండి రాయిలా గట్టిపడింది. దాని నడుమ ఒక బొటనవేలి అచ్చు. ఆ వేలు తనదే.

ఇప్పుడు గుర్తొచ్చింది. అతుకు వేశాక తొట్టిలో ముంచితే, అతుకు దగ్గర ఒక్క బుడగా లేదు. ఆ మూలనున్న చిన్న స్క్రూ మర దగ్గర మాత్రం సన్నగా ఒకటీ అరా లేచాయి. మర ఎందుకుందో ఆమె అడగలేదు. బుడగ రాకూడదంతే. ముద్ద తీసి, అదిమి, మళ్ళీ ముంచి, నిశ్చలంగా ఉన్న నీళ్ళను చూసి సంతోషించింది. గాలి పోవడానికి పెట్టిన ఒక్కగానొక్క దారిని మూసి మరీ సంతోషించింది.

సాయిలు వేళ్ళు కూడా తడుముకుంటూ అక్కడికి చేరాయి. ఉబ్బును తాకి ఆగిపోయాయి. అతను ఆమె చెవి దగ్గరికి వంగాడు. "గోటితోని గీకెయ్యి. ఎవలకూ తెలువది."

నిజమే. భార్గవ్‌కు అదేమిటో తెలియదు. బుచ్చిబాబు అంత దూరం వంగి చూసే మనిషి కాదు. గీకి పారేసి, గాలి తీసేసి, నా పనిలో ఏ లోపమూ లేదని తల ఎత్తుకుని వెళ్ళిపోవచ్చు. ఆమె నడుము నిలబెట్టి, చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"సారూ, ఇట్ల రాండ్రి. ఇగో, గీ మరకు ముద్ద వెట్టింది నేనే. గాలి పొయ్యే తొవ్వ మూసిన. గది నా తప్పు."

బుచ్చిబాబు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చూశారా భార్గవ్! నేను చెప్పలా? సొంత నోటితో ఒప్పుకుంది. ఆ కాగితం ఇటివ్వండి."

"ఆగుండ్రి. ముద్ద వెట్టిన అన్న. ఇంజన్ పాడైందన్లే. ఇంజన్ మంచిగుంది. అతుకు మంచిగుంది. ఇంకోటి సార్, నాకు రేడియేటర్ ఒక్కటే పంపితిరి, గా మర ఎందుకో జెప్పకపోతిరి. బండి మీ కాడుంది. నీళ్ళు వోసింది మీరు. నీళ్ళు వోసేటప్పుడు గాలి దియ్యాలె గద, మర ఏదని ఒక్కసారన్న లెంకిన్రా? లెంకితే గీ ముద్ద గప్పుడే దొరుకు. పాతికేండ్ల సంది చూస్తున్ననంటిరి!"

కాగితం కోసం చాచిన చేతిని బుచ్చిబాబు వెనక్కి తీసుకున్నాడు.

ఇంజను పూర్తిగా చల్లారే దాకా గంటన్నర ఆగారు. ఈలోగా ఆమె ముద్దను ఉలితో చిన్నగా తొలిచి తీసింది. తరువాత నలుగురూ కలిసి కారును, ముక్కు పైకి ఉండేలా, ర్యాంపు మీదికి సగం దాకా తోసి చక్రాలకు రాళ్ళు పెట్టారు. వెనుక భార్గవ్ చేత నీళ్ళు పోయిస్తూ ముందు మర వదులు చేసింది. అది దగ్గింది. ఉమ్మింది. బుసకొట్టింది. సాయిలు దాని పక్కన చెవి పెట్టి కూర్చుని, "ఇంకా ఉంది... ఇంకా ఉంది..." అంటూ వచ్చాడు. చివరికి నీళ్ళు దారంలా తెగకుండా కారాయి. "బంజెయ్," అన్నాడు. మరకు కొత్త వాషరు వేసి బిగించింది.

"ఇప్పుడు రోడ్డు మీదికి దియ్యుండ్రి," అంది.

"ఇప్పుడా? సాయంత్రం ఆరవుతోంది. ట్రాఫిక్ చూశారా?" అన్నాడు భార్గవ్.

"గందుకే. ఖాళీ రోడ్డు మీద ఏ బండైనా చల్లగుంటది. గీడ నిలవడితె నిలవడ్డట్టు."

సాయిలును బుచ్చిబాబు దగ్గర వదిలింది. "సార్‌ను నేను చూసుకుంట, నువ్వు పో," అన్నాడు సాయిలు. ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని, తొట్టిలో దిగినట్టు ఆ సీట్లోకి దిగింది.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఆ గంటలో నడిచిపోయే వాడే ముందు చేరతాడు. బస్సులు, ఆటోలు, పుస్తకాలు గుండెకు హత్తుకుని హాస్టళ్ళకు పోయే అమ్మాయిలు, జావా, ఒరాకిల్ అని అరిచే బోర్డుల కింద కరపత్రాలు పంచే వాళ్ళు. కారు పది అడుగులు కదిలి పది నిమిషాలు ఆగుతోంది. సీట్ల వెనుక నుంచి సెగ మెడకు తగులుతోంది. చిలకమ్మ చూపు ఉష్ణోగ్రత ముల్లు మీదే ఉంది. తొంభై. తొంభై అయిదు.

పక్కన ఆగిన ఆటోవాడు తల బయటపెట్టాడు. "ఏమక్కా, గంత కిందికి కూసున్నరేంది? టైర్లు గుంజుకపోయిన్రా?"

"నీ ఆటో కింద దూరి ముంగటికి వోదామని!"

"ఎంతిస్తదక్కా లీటరుకు?"

"నిన్ను అడగనంత ఇస్తది, పో!"

భార్గవ్ వారం రోజుల తరువాత మొదటిసారి నవ్వాడు. అంతలో ముల్లు తొంభై ఎనిమిది దాటింది. నూటొకటి. అతని చేయి తాళం మీదికి పోయింది. ఇంతకుముందు మూడుసార్లూ ఇక్కడి నుంచే అది ఎర్రగీతకు ఎగబాకింది.

"ముట్టకు," అంది ఆమె. పేరుకు అతను సారు. ఆ క్షణాన ఆ సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"ఇంజన్ పోతుందేమో!"

"గాలి పోయింది. ఇంజన్ పోదు. ఆగు."

నూట రెండు. ముందువైపు ఫ్యాను ఒక్కసారిగా గర్జించింది. ముల్లు కాసేపు అక్కడే ఊగిసలాడి, మెల్లగా, అయిష్టంగా దిగడం మొదలుపెట్టింది. తొంభై తొమ్మిది. తొంభై ఆరు. సిగ్నలు పచ్చబడింది, మళ్ళీ ఎర్రబడింది. ముల్లు మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గరికి చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో అది అయిదుసార్లు ఎక్కి అయిదుసార్లు దిగింది.

భార్గవ్ బండిని పక్కకు తీసి ఆపాడు. "నిజం చెప్పండి చిలకమ్మ గారూ. ఇది నమ్మదగ్గ బండేనా? ఉంచుకోమంటారా?"

"బండికేం గలత్ లేదు సారూ. ఉరకనీకి చేసిన బండిని మీరు లైన్ల నిలవెట్టిన్రు. నిలవడుడే దానికి కష్టం. ఆర్నెల్లకోపాలి నీళ్ళు మార్పియ్యాలె, గాలి దీపియ్యాలె, ఫ్యాను చూపియ్యాలె. ఖర్చు దప్పదు. గా ఖర్చు మీ పానానికి బరువైతె అమ్ముకోండ్రి. గని ఇంజన్ సచ్చిందన్న మాట మీద మాత్రం అమ్మకుండ్రి. గది అబద్ధం."

తిరిగి గ్యారేజీకి వచ్చాక ఆమె బుచ్చిబాబు కాగితాన్ని అడిగి తీసుకుని, వెనుకవైపు తిప్పి, తెలుగులో తానే రాసింది. ఏడో తరగతి దాకా చదివిన చేతిరాత. అక్షరాలు పెద్దవి, వరుస తప్పనివి. రేడియేటరు అతుకు బాగుందని, గాలి పోయే మరకు ముద్ద పెట్టడం తన తప్పని, ఆ మర వెతకకుండా నీళ్ళు పోయడం గ్యారేజీ తప్పని, ఇంజను చెడలేదని, ఫలానా రోజు సాయంత్రం పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నలభై నిమిషాలు నడిపి చూశామని రాసింది. కింద సంతకం పెట్టింది. భార్గవ్ దాని పక్కన సంతకం పెట్టాడు. బుచ్చిబాబు పెట్టనన్నాడు.

"మీ ఇష్టం. స్వచ్ఛందంగ పెడితేనే పెట్టుండ్రి," అంది.

మనిషి చేసిన తప్పుకు కొలత ఉంటుంది. ఆ కొలతను మించి ఒక్క అంగుళం మోయించినా అది అన్యాయమే. ఈ సంగతిని పెద్ద పెద్ద తీర్పులు పేజీల కొద్దీ రాసి చెబుతాయి. చిలకమ్మ అర పేజీలో చెప్పింది.

మరునాడు ఉదయం అమీర్‌పేటలో ఆ కాగితానికి పదకొండు జిరాక్సులు తీయించి, ఒక్కొక్క గ్యారేజీకీ తానే వెళ్ళి ఇచ్చింది. సాయిలు వద్దన్నాడు, నీ తప్పును నువ్వే ఊరేగిస్తావా అని దారి పొడుగునా గొణిగాడు. ఒక గ్యారేజీలో కాగితం చదవకుండానే తిరిగిచ్చారు. ఇంకొక చోట చదివి, ఇకమీదట చూద్దాంలే అన్నారు. ఆ రెండు చోట్ల నుంచి మళ్ళీ పని రాలేదు. యూసుఫ్‌గూడ మూల మీద రాజనర్సయ్య అనే ముసలి మెకానిక్ మాత్రం కళ్ళద్దాలు సవరించుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఏందే చిలకమ్మా, మర మూసింది నువ్వేనా?"

"నేనే."

"మరి గిది నువ్వే అచ్చేసి పంచుతున్నవేందే? దాసుకోవాలె గని!"

"ఇంకోడు పంచితే దీన్కన్న ఎక్కువ రాస్తడు మామా. గందుకే ఎంత జేసిన్నో గంతే రాసిన."

రాజనర్సయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. లోపలికి పోయి, లారీ రేడియేటరు ఒకటి రెండు చేతులా ఈడ్చుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు.

"దీనికి సుత మీద ఒక మర ఉంది. చూసి చెయ్యి."

"చూసే జేస్త. ముందుగాల అది ఎందుకుందో జెప్పు," అంది చిలకమ్మ, దాని పక్కన గొంతుక్కూర్చుంటూ.